రెండు గాజు పలకల సందు

చిబుంగుర్,
దురియన్ పళ్ళు రాలే రోజులు

నా మనవరాలు, బంగారుతల్లి రెంగ్గనిస్‌కి,

నువ్వు కొనిచ్చిన చెప్పులు కిర్రు కిర్రుమంటున్నాయి. ముందు ఆ సంగతి తేల్చు. అడుగేస్తే చాలు, బాతుపిల్లని తొక్కినట్టు అరుస్తున్నాయి. నేను పెరట్లోకి వెళ్తే ఊరందరికీ తెలిసిపోతోంది. మొన్న మా ఆవిడ, అదే మీ నిని, అరటిపండు ముక్కలు వేయిస్తుంటే, వెనకనుంచి మెల్లగా వెళ్ళి ఒకటి లాగుదామనుకున్నా. చెప్పు 'కిర్రు' అంది. మీ నిని వెనక్కి కూడా తిరగలేదు. "ఒకటే తీసుకో ముసలోడా, మిగతావి మనుషులకి" అంది. బాందుంగ్ అంత పెద్ద ఊళ్ళో నోరు మూసుకునే చెప్పులే దొరకలేదా నెంగ్, నా చిట్టితల్లీ?

సరే, తిట్టాల్సింది తిట్టేశా. ఇప్పుడు అసలు మాట. ఫోన్ చెయ్యమంటావు. ఫోన్లో నేను అరుస్తానని, నీ పక్కగది వాళ్ళు గోడ కొడుతున్నారని మళ్ళీ నువ్వే అంటావు. అందుకని రాస్తున్నా. నేను మూడో తరగతిదాకానే చదివా. ఆ మూడోది కూడా వానాకాలం వచ్చేసరికి ఆపేశా. వరస వంకరగా పోతే నవ్వకు.

నా కంట్లో పొర తీయించావు. తల్లీ, ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి మీ నినిని చూశా. "ఇదేంటే, ఇంత ముసల్దానివి ఎప్పుడయ్యావు?" అన్నా. గరిటె విసిరింది. ఆ గరిటె గాల్లో తిరుగుతూ రావడం ఎంత బాగా కనిపించిందనుకున్నావు! పక్కకి తప్పుకున్నా. కిందటేడైతే నుదుటికే తగిలేది. నా నుదురు కూడా నీకు దండాలు చెప్పమంది.

ఊళ్ళో కాఫీ కొట్టు దగ్గర నేను ఇప్పుడు పెద్ద మేష్టారిని. నువ్వు పనిచేసే చోటు గురించి మాంగ్ ఓదింగ్‌కి పాఠం చెప్పా. వాడూ నేనూ ఒకే గోతిలో రంగులు చిమ్మే కలిమాయా రాళ్ళు తవ్వినవాళ్ళం కదా, వాడికి తెలియాల్సిందే. నేను చెప్పింది నీకూ రాస్తున్నా, తప్పుంటే దిద్దు.

"మా మనవరాలు నీళ్ళలో తెల్లటి పొడి కలుపుతుంది" అన్నా. "చూడ్డానికి పాలు. కానీ పాలు కాదు, అన్నీ గోళీలు. కంటికి ఆనవు. అందుకు వేరే అద్దాల యంత్రం ఉంది. ఆ గోళీలు ఒక్క క్షణం కుదురుగా ఉండవు. నీళ్ళు వాటిని అటూ ఇటూ తోస్తూనే ఉంటాయి. వాటిని తీసుకెళ్ళి రెండు గాజు పలకల మధ్య సందులో పోస్తుంది. ఆ ఇరుకులో అవి ఎవరూ చెప్పకుండా వాటంతటవే వరసలు కడతాయి. సందు వెడల్పు మారితే వరస కట్టే తీరు మారుతుంది. ఎంత ఇరుకైతే ఏ వరస వస్తుందో కనిపెట్టడమే దాని చదువు."

ఓదింగ్ కాఫీ ఊదుకుంటూ, "ఇరుకులో వరసేంట్రా, తొక్కుకుంటాయి గానీ" అన్నాడు.

"ఒరే, ఖాళీ లారీ వెనక ఎక్కావా ఎప్పుడైనా? ఒకడు ఈ మూల, ఒకడు ఆ మూల, మేక మధ్యలో. బండి కుదిపితే అందరూ దొర్లుతారు. అదే ఊళ్ళ మధ్య తిరిగే అంగ్కోత్ బండి ఎక్కు. డ్రైవరు ఏమంటాడు?"

"ఏడు–ఐదు, ఏడు–ఐదు, జరగండి అంటాడు."

"అటు బల్ల మీద ఏడుగురు, ఇటు ఐదుగురు. చోటుందా? లేదు. వాడు ఒక్క బ్రేకు తొక్కుతాడు. అంతే, నీ మోకాలు ఎదుటివాడి మోకాళ్ళ సందులోకి, వాడి కోడి గంప నీ పాదాల మధ్యకి, లావుపాటి ఆవిడ పక్కన సన్నపాటి కుర్రాడు. ఎవడైనా చీటీ రాసి ఇచ్చాడా ఎవడెక్కడ కూర్చోవాలో? గోళీలూ అంతే. ఇరుకూ, కుదుపూ, రెండూ ఉండాలి."

వాడు గ్లాసు అడుగున మిగిలింది తాగేశాడు. తర్వాత, "నీ మనవరాలు అంత దూరం వెళ్ళి అంగ్కోత్ చదువు చదువుతోందన్నమాట" అన్నాడు. కాఫీ డబ్బులు వాడి చేతే ఇప్పించా.

కానీ నెంగ్, నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట. మన కలిమాయా రాయి గురించి నువ్వు చెప్పింది మాత్రం వాడికి చెప్పలేదు. అది నాకోసం దాచుకున్నా. కొండ పగుళ్ళలోకి నీళ్ళు దిగి, ఆ నీళ్ళలో ఉన్న ఇసకకన్నా సన్నని గోళీలు మెల్లగా పేరుకుని, ఆ ఇరుకులో వరస కట్టి, ఎన్నాళ్ళకో రాయైపోయాయన్నావు. "అకీ, ఆ రాయిలో రంగు లేదు, వరస మాత్రమే ఉంది. వెలుగు ఆ వరసకి తగిలి విడిపోతోంది" అన్నావు. ఆ రంగు కోసం నేను ఒంట్లో సత్తువంతా గోతిలో పోశా. ఎందుకొస్తుందో ఎవర్నీ అడగలేదు. ఏ జిన్ను భూతమో పూసిందనుకుని ఊరుకున్నా. పోయేలోపు చెప్పేవాళ్ళు దొరికారు నాకు. మా నాన్నకి దొరకలేదు.

ఇంక కళ్ళు వచ్చాక నువ్వు పనిచేసే చోటికి నేనొచ్చిన ఆ ఆదివారం సంగతి. గుమ్మంలో అడుగుపెట్టింది మొదలు, "అకీ, అది ముట్టుకోకు. అకీ, ఇది ముట్టుకోకు. అకీ, ఇక్కడ పొగ తాగకూడదు" అని నా ప్రాణం తీశావు. చుట్ట కాగితాల పొట్లం జేబులో తడుముకుంటూ స్టూలు మీద బొమ్మలా కూర్చున్నా. చిన్నప్పుడు నువ్వు పీట మీద కూర్చుని చదువుకుంటుంటే, పీట కాలు కింద కొబ్బరిచిప్ప ముక్క తోసి ఊగించేవాణ్ణి గుర్తుందా? తలెత్తకుండానే "అకీ!" అని ఒక్క కేక పెట్టేదానివి. ఇప్పుడు తెల్లకోటు వేసుకుని నన్ను కూర్చోబెట్టి నువ్వే పెద్దరికం చేస్తున్నావు. ఆ పలకల అంచులకి ఎర్ర గోళ్ళరంగు పూస్తుంటే, "గోళ్ళకి పూసుకోవే, పెళ్ళిచూపులకి పనికొస్తుంది" అన్నానని కోప్పడ్డావు కూడా. నీళ్ళు ఆరిపోకుండా అని నాకేం తెలుసు?

అన్నాళ్ళూ నువ్వు చేసిన పలకలన్నీ మబ్బు పట్టినట్టు తెల్లగానే ఉన్నాయట. నేనొచ్చిన రోజు చేసింది మాత్రం మర్నాటికి రంగులు కట్టింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా పట్టీలు పట్టీలుగా! నన్ను పట్టుకుని గిరగిరా తిప్పావు. "అకీ, నీ పాదం మంచిది!" అన్నావు. నీకు పని నేర్పే పెద్ద మేడమ్ బు కురేసిన్ నాకు బక్సో ఇప్పించింది. ఆ మాంసం ఉండలు గిన్నెలో చక్కగా వరస కట్టి ఉన్నాయి. తినడానికి బాధేసింది. తిన్నాననుకో.

కళ్ళిచ్చావు, చూడ్డానికి ఇంత వింత చూపించావు. నీ కడుపు చల్లగా ఉండాలి.

కిర్రుచెప్పుల
నీ అకి మర్హాలి

*

చిబుంగుర్,
నారు పోసిన వారం

నా తల్లి రెంగ్గనిస్,

నీ ఉత్తరం మీ నిని చేత చదివించుకుని, మళ్ళీ నేనూ చదివా. కొత్త కళ్ళు కదా, వాడాలని.

ఆ రంగులు మళ్ళీ రావడం లేదన్నావు. అదే పొడి, అవే నీళ్ళు, అవే పలకలు, అయినా మబ్బే అన్నావు. "ఆ రోజు నువ్వేమైనా దువా చదివావా అకీ?" అని అడిగావు. నిజం చెప్పాలంటే నేను ఆ రోజు బక్సో గురించి తప్ప దేవుణ్ణి ఏమీ అడగలేదు.

నా పాదం మంచిదన్నావు గనక, అన్నం తినే బల్ల మీద కాగితం పరిచి, దానిమీద నిలబడి, పెన్సిలుతో చుట్టూ గీశా. ఇందులోనే మడిచి పెట్టా. కుడిపాదం. యంత్రం పక్కన గోడకి అంటించుకో. మీ నిని, "అన్నం తినే బల్ల మీద నిలబడ్డావా!" అని పొద్దున్నుంచీ అదే పాట. నీ చదువు కోసం తిట్లు తిన్నానని గుర్తుంచుకో. బొటనవేలు కాస్త పక్కకి పోయింది. అది నన్ను దింపడానికి మీ నిని కితకితలు పెట్టడం వల్ల.

నవ్వావా? నవ్వితే కింద రాసింది చదువు. నవ్వకపోతే ఇంకోసారి పాదం చూసి రా.

ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాసిన ముక్క నేను చూడననుకున్నావేమో. "ఇది నాకు చేతకాదేమో అకీ, వచ్చేసి మన ఊరి బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటా" అని రాశావు. బడి మంచిదే. పిల్లలూ మంచివాళ్ళే, ఒక్క ఓదింగ్ మనవడు తప్ప. కానీ నువ్వు ఇష్టంతో వస్తే ఒకటి, భయంతో వస్తే ఒకటి.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. చెప్తా. నా కళ్ళకి పొర కమ్మిందని ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. రాళ్ళ బేరానికి వచ్చినవాళ్ళు తవ్విన రాయి నా చేతికిచ్చి, "అకీ, ఎలా ఉంది?" అనేవాళ్ళు. నాకు కనిపించేది పొగ. అయినా ఎండకేసి ఎత్తి పట్టుకుని, "అబ్బ, లోపల ఆకుపచ్చ పరుగెడుతోంది, అంచున ఎరుపు" అని ఒకప్పుడు చూసిన రాళ్ళని తలుచుకుని చెప్పేసేవాణ్ణి. ఆ ఒక్క మాట పోతే నేను గోతిలో పనికిరానివాణ్ణి, అరుగు మీద కూర్చోబెట్టే ముసలాణ్ణి. అందుకని బొంకా. నలుగురూ తలలూపేవాళ్ళు.

పండగ సెలవులకి వచ్చినప్పుడు నువ్వు నా అరచేతిలో ఒక రాయి పెట్టావు. "ఎలా ఉంది అకీ?" అన్నావు. నేను మామూలుగానే ఆకుపచ్చ, ఎరుపు, నెమలి మెడ అని మొదలెట్టా. నువ్వు రాయి తీసుకుని జేబులో వేసుకున్నావు. తర్వాత నిని చెప్పింది, అది వాగులోని నల్లరాయట, మిరపకాయలు నూరడానికి కూడా పనికిరానిదట.

నువ్వు నవ్వలేదు నెంగ్. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. "అకికి బాందుంగ్ చూపించి తెస్తా" అని మాత్రం అన్నావు. కంటి ఆసుపత్రి గుమ్మందాకా నాకు కూడా తెలియదు ఎక్కడికి తీసుకెళ్తున్నావో. నా మాట నలుగురిలో పోకుండా కాపాడి, కళ్ళు తెప్పించి, మళ్ళీ కాఫీ కొట్టు దగ్గర నిలబెట్టావు. ఆ రోజునుంచీ నిజంగా కనిపించిందే చెప్తున్నా. ఆకుపచ్చ లేకపోతే లేదనే అంటున్నా. ఎంత హాయిగా ఉందో!

అలాంటి పిల్లవి చేతకాదని రాస్తే నేనొప్పుకోను. ఇంకో పలక చెయ్యి. ఇంకొకటి చెయ్యి. ఎడమపాదం కూడా కావాలంటే కబురు పెట్టు. తిట్లు నేను తింటా.

నీ కుడిపాదపు
అకి మర్హాలి

*

చిబుంగుర్,
వాన వెలిసిన పొద్దు

నెంగ్,

ఇవాళ చెప్పుల గురించి ఏమీ అనను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ బు కురేసిన్ ఆ మంచి పలకని యంత్రం కింద మళ్ళీ చూసిందన్నావు. ఒక కొసన గోళీలు ఒకే పొర, తేనెపట్టు గదుల్లా ఒక్కోదాని చుట్టూ ఆరేసి వరస. కొంచెం జరిగితే రెండు పొరలు, నాలుగు మూలల వరస, చదరంగపు గళ్ళలా. ఇంకా జరిగితే అవే రెండు పొరలు, మళ్ళీ తేనెపట్టు. అలా పట్టీ పట్టీకీ మారుతూ పోయిందన్నావు. అంటే సందు ఒక కొసన సన్నగా ఉండి రెండో కొసకి వెడల్పవుతోందని, పైపలక వాలి ఉందని ఆవిడ తేల్చిందన్నావు.

"మధ్యలో ఏం పెట్టావు?" అని అడిగితే, "ఏమీ పెట్టలేదు బు" అన్నావట. "పలకలు వాటంతటవే వాలవు రెంగ్గనిస్. పెట్టి మర్చిపోయినా తప్పే, పెట్టి దాచినా తప్పే. వరసలు నిజమే, అవి నాకూ కనిపిస్తున్నాయి. నీ మాట మీదే నాకు నమ్మకం కుదరడం లేదు" అందట. ఆవిడ చెడ్డది కాదు తల్లీ. బక్సోలో కారం నాకు తగ్గించి వేయించిన మనిషి. కానీ శుక్రవారంలోగా సంగతి తేలకపోతే నీ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తానందంటే, నువ్వు అప్పుడే బట్టలు సర్దుకుంటున్నానంటే, రాత్రి పళ్ళెం అలాగే వదిలేసి లేచా.

"అకీ, ఆ రోజు అక్కడున్నది నువ్వొక్కడివే. నేనేమీ పెట్టలేదని సాక్ష్యం రాసి పంపించు. ఫోన్లో కాదు, రాసి, కింద వేలిముద్ర వేసి. బుకి చూపించాలి" అన్నావు.

పొద్దున్నే కూర్చుని మంచి కాగితం మీద రాశా. 'నా మనవరాలు రెంగ్గనిస్ ఆ రెండు పలకల మధ్య ఏమీ పెట్టలేదు. ఇది నిజం.' వేలిముద్ర కూడా వేశా. నిజమే కదా. నువ్వు పెట్టలేదు.

మీ నిని కాఫీ తెచ్చి, నిలబడే అది చదివింది. నా మొహం చూసింది. కళ్ళకి పొర ఉన్నన్నాళ్ళూ ఆ చూపునుంచి తప్పించుకున్నా. ఇప్పుడు కనిపిస్తోంది, తప్పించుకోలేను.

"ఇంత పొట్టిగా ఎప్పట్నుంచి రాస్తున్నావు?" అంది.

"సాక్ష్యం కదే. పొట్టిగానే ఉండాలి."

"పిల్ల పెట్టలేదని రాశావు. ఎవరు పెట్టారో రాయలేదే?"

"ఎవరో పెట్టారని ఎవరన్నారు?"

"పెళ్ళిరోజున మా నాన్న కుర్చీ కాలు కింద చిప్పముక్క పెట్టినవాడివి నువ్వు. ఖాజీగారు నిఖా చదువుతుంటే ఆయన పడవలో ఉన్నట్టు ఊగాడు" అంది. కాఫీ నా ముందు పెట్టలేదు. తనే తాగేసింది. "ఆ పిల్ల నీ మాట కాపాడింది ముసలోడా" అని మాత్రం అని, బాతులకి మేత వెయ్యడానికి వెళ్ళిపోయింది.

అందుకని ఆ మంచి కాగితం పక్కన పెట్టి ఇది రాస్తున్నా. రెండూ ఒకే కవర్లో వస్తాయి. కూరగాయల లారీ మీద వెళ్ళే జునేది చేతికిస్తున్నా, రేపటికి నీకు అందుతుంది. మీ బుకి రెండూ చూపించు. ముద్ర దీని కింద కూడా వేశా, బొటనవేలిది, ఎక్కడా చెరగకుండా. కవర్లో ఇంకొక పొట్లం కూడా ఉంటుంది. పారెయ్యకు.

ఇప్పుడు విను.

ఆ ఆదివారం నువ్వు రెండు పలకలూ ఒకదానిమీద ఒకటి పెట్టి, క్లిప్పు పక్కనుంచి, "నమాజు చేసుకొస్తా అకీ, ఏదీ ముట్టుకోకు" అని వెళ్ళావు. గుమ్మం దగ్గర ఆగి ఇంకోసారి, "ముట్టుకోకు!" అన్నావు. ఆ రెండోసారి అనకపోతే నేను ముట్టుకునేవాణ్ణి కాదేమో. స్టూలు మీద కూర్చుని ఆ పలకల్నే చూస్తున్నా. కొత్త కళ్ళు, అంచు ఎంత సూటిగా కనిపిస్తోందో! ఎంత చదునుగా ఉన్నాయంటే, చదునుగా ఉన్నది ఏది చూసినా నాకు నీ చిన్నప్పటి పీట గుర్తొస్తుంది. జేబులో చుట్ట కాగితం ఉంది. లవంగం పొగాకు చుట్టుకునేది, ఉల్లిపొర అంత పల్చటిది. కొస కొరికి, గోరంత ముక్క చేసి, పైపలక ఒక మూల ఎత్తి కిందకి తోశా. మళ్ళీ చేతులు వెనక కట్టుకుని కూర్చున్నా.

నువ్వు వచ్చి పలక మీద వేలు పెడతావు, అది టక్కుమని ఊగుతుంది, తలెత్తకుండానే "అకీ!" అని కేక పెడతావు అనుకున్నా. అంతే నెంగ్, ఇంకేం లేదు. తెల్లకోటులో ఉన్నది మా పిల్లేనా కాదా అని చూసుకుందామని. ఆ కేక విని చాలా ఏళ్ళైంది.

పలక ఊగలేదు. నువ్వు క్లిప్పు బిగించావు. అంచున పాలచుక్క వేశావు, అది సరసరా లోపలికి పాకిపోయింది. ఆ ముక్క తడిసి కనిపించకుండా పోయింది. నువ్వు అంచులకి ఎర్ర గోళ్ళరంగు పూసేశావు. ఇంక చెప్తే తిడతావని ఊరుకున్నా. మర్నాడు నన్ను గిరగిరా తిప్పి పాదం మంచిదన్నావు. అప్పుడు చెప్పాలంటే ఇంకా సిగ్గేసింది. ఆ గోరంత ముక్కకీ ఆ రంగులకీ చుట్టరికం ఉందని నిన్నటిదాకా నాకు తెలియదు తల్లీ. నీ మీదొట్టు. పైపలక వాలిందని నీ ఉత్తరంలో చదివాకే జేబులోంచి ఆ చుట్ట కాగితాల పొట్లం తీసి చూసుకున్నా.

కవర్లో పొట్లం ఆ కాగితాలదే. అదే రకం, అదే పొట్లం. పొగాకు లేదు, వెతక్కు, అది నేను తాగేశా. ఒక్కో పలకలో ఒక్కో ముక్క పెట్టి చూడు. ముందు ఆ మంచి పలక తీసుకెళ్ళి, పూతంతా కెలకకుండా, మీ బు కళ్ళెదురుగా సందు వెడల్పుగా ఉన్న కొసన, మూల గోళ్ళరంగు మాత్రం గీకు. కింద కాగితం ముక్క ఉంటుంది. ఒక పక్క అంచు వంకరగా ఉంటుంది, అది నా పంటి గాటు. పైన రెండు పళ్ళే ఉన్నాయి కదా నాకు, ఎవరిదని ఎవరూ సందేహపడరు.

నేనే పెట్టా నెంగ్. నీ కేక కోసం పెట్టా. ఇప్పుడు ఆ కేక పెట్టు, ఇక్కడిదాకా వింటా.

నీ
అకి మర్హాలి